ఫెర్నాన్ అడిగిన ఇల్లు

అక్టోబరు 4, మంగళవారం

ఇవాళ క్లాసులో అందరికీ ఒక్కో నోటుబుక్కు ఇచ్చారు. రోజూ ఐదు వాక్యాలైనా ఫ్రెంచిలో రాయాలి. ఎడమవైపు పేజీ టీచరుకు చూపించాలి. కుడివైపు పేజీ ఎవరిది వాళ్ళది, ఏ భాషలోనైనా రాసుకోవచ్చు, ఆమె చూడదు. "ఎడమవైపు రాయలేనివన్నీ కుడివైపు రాసుకోండి. కొన్నాళ్ళకు అవే ఇటు నడిచొస్తాయి," అంది గిస్లేన్. ఆమే టీచరు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది.

ఎడమవైపు రాసినవి: నా పేరు డొరీన్. నాకు అరవై ఎనిమిదేళ్ళు. నేను మాంట్రియల్లో పుట్టాను. నా భర్త పేరు ఫెర్నాన్. నా భర్త ఆసుపత్రిలో ఉన్నాడు.

ఈ ఐదింటికీ గంటన్నర పట్టింది. 'నా' అనే మాట వీళ్ళకు ఒకటి కాదు. భర్తకు ఒక 'నా', కుర్చీకి ఇంకొక 'నా'. కుర్చీ ఆడది ఎందుకయిందో అడిగితే గిస్లేన్ నవ్వి, అడక్కండి, ఒప్పేసుకోండి అంది.

పన్నెండు మందిమి. సిరియా, కొలంబియా, వియత్నాం. నా పక్కన కూర్చున్నాయన సిరియాలో మందుల షాపు నడిపేవాడట. "మీరు ఏ దేశం నుంచి వచ్చారు?" అని వచ్చీరాని ఫ్రెంచిలో అడిగాడు. ఇక్కడే, నాలుగు వీధుల అవతల ఇంగ్లీషువాళ్ళ పేట అని చెప్పడానికి మాటలు రాక కిటికీ వైపు చెయ్యి చూపించాను. ఆయన పాపం ఆకాశం వైపు చూశాడు.

అక్టోబరు 6

ఆసుపత్రికి వెళ్ళాను. కుడిచెయ్యి కొంచెం లేస్తోంది. కాలు ఇంకా ఈడుస్తూనే ఉన్నాడు.

నేను మాట్లాడుతుంటే ముఖంలోకి చూస్తాడు. పెదాల వంక చూస్తాడు. తల ఊపుతాడు. అర్థమై ఊపుతున్నాడో, నన్ను బాధపెట్టడం ఎందుకని ఊపుతున్నాడో తెలియదు. పరీక్షిద్దామని, "ఇల్లు తగలబడింది" అన్నాను. తల ఊపాడు.

ఆగస్టులో బాల్కనీలో టమాటా మొక్కలకు నీళ్ళు పోస్తూ కూలబడ్డాడు. అంబులెన్సు వచ్చేలోగా అన్న మొదటి మాటే ఫ్రెంచి. కంగారులో అన్నాడనుకున్నాను. పది రోజుల తరువాత డాక్టరు చెప్పాడు: తరువాత నేర్చుకున్న భాష దెబ్బ తింది, పుట్టినప్పటిది నిలిచింది, ఇంగ్లీషు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. అది ఎక్కడికి పోయింది అని అడిగాను. ఆయన తెరమీద మెదడు బొమ్మలో ఒక నల్లమచ్చ చూపించాడు.

నలభై నాలుగేళ్ళు మా ఇంట్లో నడిచింది ఇంగ్లీషే. పెళ్ళి మాటలు, గుడ్డు ఉడికిందా లేదా అనే మాటలు, అన్నీ. అవన్నీ అంత మచ్చలో పట్టాయా.

అక్టోబరు 9

ఫ్రెడ్ అని పిలిస్తే తిరిగి చూడలేదు. మా నాన్నకు ఫెర్నాన్ అనడానికి నోరు తిరగక ఫ్రెడ్ చేశాడు. అప్పటినుంచి మా వాళ్ళందరికీ, నాకూ ఫ్రెడ్డే. ఇవాళ "ఫెర్నాన్" అన్నాను. వెంటనే చూశాడు. చివర 'న్' ముక్కులోంచి రావాలి. దారి పొడుగునా మెట్రోలో ముక్కుతో సాధన చేశాను. ఎదురు సీటావిడ చేతిరుమాలు ఇచ్చింది.

అక్టోబరు 13

ఫెర్నాన్ జోకులు వేస్తాడని ఇవాళ తెలిసింది.

వార్డులో పనిచేసే నదేజ్ హైతీ మనిషి, యాభై ఏళ్ళుంటాయి. స్నానానికి తీసుకెళ్ళడానికి వచ్చి ఫ్రెంచిలో ఏదో అంది. అతను ఏదో అన్నాడు. ఆమె నడుం పట్టుకుని నవ్వింది. మళ్ళీ ఏదో అన్నాడు. పక్క మంచం ముసలాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, అందరూ నవ్వుతున్నారు కాబట్టి.

బయట వరండాలో నదేజ్‌ను ఆపి ఇంగ్లీషులో అడిగాను, ఏమన్నాడని.

"చెబితే బావుండదు మదాం."

"బూతా?"

"బూతు కాదు. చెప్పే తీరులో ఉంటుంది. నేను చెబితే చప్పబడిపోతుంది. మీ ఆయన గట్టివాడు మదాం, మీరు ఇంట్లో రోజూ నవ్వుకుంటూ ఉండి ఉంటారు."

అవునన్నాను.

ఇంట్లో అతను నెమ్మదైన మనిషి. లిఫ్టులు బాగుచేసి వచ్చేవాడు, చేతులు కడుక్కునేవాడు, పేపరు చదివేవాడు. మా అన్నదమ్ములు కబుర్లు చెబుతుంటే వింటూ కూర్చునేవాడు. ఫ్రెడ్ బంగారం, నోరు మెదపడు అనేవాళ్ళు.

నదేజ్‌కు తెలిసిన మనిషి ఎవరో నాకు తెలియదు.

ఎడమవైపు ఐదు వాక్యాలు: నా భర్త నవ్వుతాడు. నర్సు నవ్వుతుంది. నేను నవ్వుతాను. మేము నవ్వుతాము. వాతావరణం చల్లగా ఉంది.

అక్టోబరు 18

మూడు రోజులుగా ఒకే మాట అంటున్నాడు. 'ష్నూ' లాగా వినిపిస్తుంది. నా చెయ్యి పట్టుకుని అంటాడు. కిటికీ వైపు చూస్తూ అంటాడు. డిక్షనరీలో 'ష' పేజీలన్నీ తిరగేశాను. కుక్క ఉంది, పిల్లి ఉంది, టోపీ ఉంది. టోపీ తీసుకెళ్ళి ఇస్తే చాలాసేపు దాని వంక చూసి నెత్తిన పెట్టుకున్నాడు.

అక్టోబరు 20

గిస్లేన్‌ను అడిగాను. అది ఒక మాట కాదట, రెండు. షే, ను. 'మా ఇంట్లో', 'మన ఇంటికి' అని అర్థం. ఇంటికి తీసుకెళ్ళమంటున్నాడు.

క్లాసు అయ్యేదాకా కూర్చోలేదు. ఇంటికొచ్చి స్నానాలగదిలో పట్టుకునే కమ్మీలు పెట్టడానికి మనిషికి ఫోన్ చేశాను. మంచం కిటికీ పక్కకు జరిపాను. ఒక్కదాన్నే జరిపాను. నడుం పట్టేసింది. పట్టనీ.

అక్టోబరు 25

కమ్మీలు పెట్టారు. తెల్లగా బావున్నాయి.

ఆసుపత్రి సోషల్ వర్కర్ ఫోన్ చేసింది. ఇంకో నెలలో పంపించేస్తారట. నవంబరు ఇరవై నాలుగున కూర్చుని, ఎక్కడికి పంపాలో నిర్ణయిస్తారట. ఎక్కడికి ఏమిటి, ఇంటికి అన్నాను. "అవునండీ, ఆయనా అదే అంటున్నారు. అయితే ఆయన చెల్లెలు కూడా వస్తున్నారు," అంది.

రొలాంద్‌కు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. చెప్పాలనుకున్నాను. ఏ భాషలో చెప్పను?

అక్టోబరు 29

రొలాంద్ వచ్చింది. వాళ్ళ ఊరు లా బే నుంచి ఆరు గంటలు బస్సులో. అరవై ఆరేళ్ళు, చేతిలో అంత పెద్ద మీట్ పై, పిండిలో బంగాళదుంపలూ మాంసమూ కూరి కాల్చింది, గుడ్డలో చుట్టి. పాతికేళ్ళ తరువాత చూడటం. ముద్దులు పెట్టుకున్నాం, రెండు బుగ్గలమీదా, చెక్క బొమ్మల్లాగా.

ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. హోటలు ఎందుకని మా ఇంట్లోనే ఉండమన్నాను. అంటే, మంచం చూపించాను.

నన్ను పేరు పెట్టి పిలవదు. 'వదినగారు' అంటుంది. ఆ 'గారు' ఆమె మొహంలో ఉంది.

అక్టోబరు 30

ఆసుపత్రిలో వాళ్ళిద్దరూ మూడు గంటలు మాట్లాడుకున్నారు. చిన్నప్పటి పడవ గురించి, ఎవరో మామయ్య గురించి. పడవ, మామయ్య, చేప, నీళ్ళు, ఇవి నాకు తెలిసిన మాటలు. మిగతాది నేనే ఊహించుకున్నాను. నా ఊహలో మామయ్య చచ్చిపోయాడు. తరువాత చూస్తే వచ్చే వారం ఆసుపత్రికి వస్తున్నాడట.

ఫెర్నాన్ ముఖంలోకి రంగు వచ్చింది. చూస్తే సంతోషంగానే ఉంది నాకు.

నవంబరు 2

పొద్దున కాఫీ దగ్గర గొడవ. మధ్యలో డిక్షనరీ.

నేను కమ్మీలు చూపించాను, కిటికీ పక్క మంచం చూపించాను. "ఫెర్నాన్, షే ను," అన్నాను.

రొలాంద్ తల అడ్డంగా ఊపింది. కిటికీలోంచి ఉత్తరానికి చెయ్యి చూపించింది. "షే ను అంటే అక్కడ. లా బే. మా ఊరు. మీకు అర్థం కావట్లా? వాడు ఇంటికి తీసుకెళ్ళమంటున్నది నన్ను."

నిదానంగా, చెవిటివాళ్ళకు చెప్పినట్టు చెప్పింది. అందుకే అర్థమైంది.

"ఇల్లు ఇది," అన్నాను. "ముప్పై ఒక్క ఏళ్ళు."

"ముప్పై ఒక్క ఏళ్ళు అద్దెకున్నారు," అంది.

తరువాత లేచి నా కప్పు కూడా కడిగి పెట్టింది.

నవంబరు 3

గిస్లేన్‌ను మళ్ళీ అడిగాను. 'షే ను' అంటే ఇల్లా, ఊరా? రెండూ అంది. ఇల్లు కావచ్చు, ఊరు కావచ్చు, మనవాళ్ళు అనే అర్థం కూడా ఉంది అంది. "మరి ఆ 'ను'లో ఎవరెవరుంటారు?" అని అడిగాను. "ఎవరు అంటున్నారో వాళ్ళకే తెలియాలి," అంది.

అతను చెయ్యి పట్టుకుని ఆ మాట అన్నది నాతో. కానీ చూసింది కిటికీలోంచి. ఆ కిటికీ ఉత్తరం వైపే ఉంది. ఇవాళ దిక్సూచి పెట్టి చూశాను. గది ఎటుంటే కిటికీ అటుంటుంది, దానికి అర్థమేముంది.

నవంబరు 6, ఆదివారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం రొలాంద్ బఠానీ సూప్ చేసింది. నేను ఉల్లిపాయలు తరిగాను. ఒకరి మాట ఒకరికి కాస్త పట్టుబడుతోంది. నేను తప్పుగా అన్నా ఆమె ఆపదు, ఆమె అన్నది సగం పోయినా నేను ఆపను. ఉన్నట్టుండి గరిటె పక్కన పెట్టి అడిగింది, "ఒక్క మాట అడుగుతా. మా అమ్మ పోయినప్పుడు మీరెందుకు రాలేదు?"

తొంభై ఒకటిలో పోయింది మా అత్తగారు. ఫెర్నాన్ ఒక్కడే వెళ్ళాడు.

"మీరు వద్దన్నారు," అన్నాను.

"ఎవరు వద్దన్నారు?"

"మీరు. మీ ఇంట్లో వాళ్ళు. చోటు లేదు. రావద్దు."

రొలాంద్ కుర్చీలో కూర్చుంది. డిక్షనరీ నా వైపు తోసి, చెప్పిందే మళ్ళీ చెప్పింది, ఒక్కో మాటమీద వేలు పెట్టినట్టు. వాళ్ళెవరూ వద్దనలేదు. పై గది సర్ది, మంచం వేసి ఉంచారు. ఫెర్నాన్ వచ్చి, డొరీన్ రానంది, ఆమెకు ఈ తతంగాలు నచ్చవు అన్నాడు. వాళ్ళమ్మ శవపెట్టెలో ఉండగా, ఆ పక్కన నిలబడి అన్నాడు.

"పాతికేళ్ళు," అంది రొలాంద్. "పాతికేళ్ళు మిమ్మల్ని తిట్టుకున్నాను. వంట చేసేటప్పుడు కూడా."

నేను కూడా అని చెప్పాలనుకున్నాను. భూతకాలం రాలేదు. "నేను తిడతాను," అన్నాను. ఆమెకు అర్థమైంది.

ఎందుకన్నాడలా? సూప్ అడుగంటింది.

నవంబరు 7

వెళ్ళాను. అతనితో మాట్లాడలేదు. అతనికి తేడా తెలియలేదు.

నవంబరు 10

ఎవరిమీద కోపం తెచ్చుకోను? అడుగుదామంటే ప్రశ్న నా భాషలో ఉంది, జవాబు అతని భాషలో ఉంది. పైగా చెంచా పట్టుకోవడానికే చెమటలు పడుతున్న మనిషి. ఇవాళ ఆ చెంచా నాలుగుసార్లు కిందపడింది. నాలుగుసార్లూ తీసిచ్చాను. ఐదోసారి ఉండనీ అనుకున్నాను. ఐదోసారి పడలేదు.

నేను బాగానే ఉన్నాను.

నవంబరు 15

రొలాంద్ ఇప్పుడు నన్ను డొరీన్ అంటోంది. 'డోహిన్' లాగా. నేను దిద్దలేదు.

క్లాసులో ప్రశ్నలు అడగడం నేర్పారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏది, ఎందుకు. అందరూ అంగడి ప్రశ్నలు రాశారు. నేను ఒకే ప్రశ్న పదిసార్లు రాసి గిస్లేన్‌కు చూపించాను. ఎర్ర పెన్నుతో ఒక్క అక్షరం మార్చింది. చదివి నా వంక చూసింది. ఇది ఎవరిని అడుగుతారు అని అడగలేదు. చదివించింది, అంతే. ఏడుసార్లు.

నవంబరు 24, గురువారం

చిన్న గది, గుండ్రటి బల్ల. సోషల్ వర్కర్, ఫెర్నాన్, రొలాంద్, నేను. నదేజ్ చక్రాల కుర్చీ తోసుకొచ్చి గోడ దగ్గర నిలబడింది. ఆమె ఉండాల్సిన పని లేదు. ఉంది.

సోషల్ వర్కర్ నాకోసం ఇంగ్లీషులో మొదలుపెట్టబోయింది. ఫ్రెంచిలోనే కానివ్వండి అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

"ఫెర్నాన్‌గారూ, ఇక్కడినుంచి ఎక్కడికి వెళ్దామనుకుంటున్నారు?"

"షే ను," అన్నాడు.

రొలాంద్ నా వంక చూసింది. నేను రొలాంద్ వంక చూశాను. సోషల్ వర్కర్ కాగితం మీద ఏదో రాయబోతుంటే, ఉండండి అన్నాను.

"ఫెర్నాన్. ఏ ఇల్లు? నీదీ నాదీనా? మీ అమ్మదా?"

అతను నన్ను చూశాడు. ఆగస్టు నుంచి నన్ను చూస్తూనే ఉన్నాడు గానీ ఇలా కాదు. కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు.

"అమ్మ ఇల్లు ఎప్పుడో అమ్మేశాం కదా," అన్నాడు. ఆ తెలివితక్కువతనం నాదేనన్నట్టు.

"మరి ఏది?"

కుడిచేతిని ఎడమచేత్తో ఒడిలోకి లాక్కున్నాడు. మాటలు వెతుక్కుంటున్నాడో, చెప్పాలా వద్దా అనుకుంటున్నాడో.

"లా బే," అన్నాడు. "అక్కడ నేనేదన్నా అంటే వాళ్ళకు అర్థమవుతుంది. నేను అలిసిపోయాను, డొరీన్."

ప్రతి మాటా అర్థమైంది. డిక్షనరీ అక్కర్లేకుండా అతను నాతో అన్నదంతా మొదటి అక్షరం నుంచి చివరిదాకా అర్థమవడం ఇదే మొదలు. రొలాంద్ గెలిచినట్టు లేదు. తల దించుకుని ఉంది.

సోషల్ వర్కర్ అడిగింది, "మరి మీ ఆవిడ?"

"ఆమె రాదు," అన్నాడు ఫెర్నాన్. వెంటనే అన్నాడు, వెతుక్కోకుండా. "ఆమెకు అక్కడ బావుండదు."

నేను అన్నాను, "నన్ను ఎవరు అడిగారు?"

'అడిగారు' తప్పు పలికాను. 'ఎవరు'కు ముందు ఇంకేదో ఉండాలి. గోడ దగ్గర నదేజ్ మాత్రం, "అదీ," అంది చిన్నగా.

ఫెర్నాన్ నా వంక చూస్తూనే ఉన్నాడు. అడుగుతాడేమోనని ఎదురుచూశాను. అడగలేదు.

నవంబరు 25

అతనిది ఏ ఇల్లు? నాది ఏ ఇల్లు? రాయడానికి ఇంకేమీ లేదు.

నవంబరు 28

రొలాంద్ అడిగింది. గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా. "కింద రెండు గదులున్నాయి. మా ఆయన పోయినప్పటినుంచీ ఖాళీయే. చలి ఎక్కువ, ముందే చెబుతున్నా."

ఆలోచిస్తానన్నాను. "ఆలోచించండి. మీట్ పై వండటం నేర్పుతాను, మీ వంట తినలేకపోతున్నాను," అంది.

డిసెంబరు 3

నెలన్నరకే వెళ్తున్నాను. అతను కుదురుకునేదాకా. ఫిబ్రవరికల్లా వచ్చేస్తాను.

కుట్టుమిషను కింది ఇంటావిడకు ఇచ్చేశాను, ఊరికే దుమ్ము పడుతుందని. బాల్కనీ కుండీలు కూడా. ఇంటి యజమానికి ఉత్తరం రాశాను. మా అన్నయ్య ఫోన్ చేసి, "నీకు పిచ్చా? అక్కడ పాలు కొనాలన్నా వాళ్ళ భాష కావాలి," అన్నాడు. పాలు అనడం వచ్చు అన్నాను. "ఫ్రెడ్ రమ్మన్నాడా?" అన్నాడు.

లైను సరిగ్గా లేదని పెట్టేశాను.

డిసెంబరు 8

చివరి క్లాసు. సిరియా ఆయన ఒక డబ్బాలో ఖర్జూరం బిస్కెట్లు తెచ్చాడు. మీరు ఎక్కడికి వెళ్తున్నారని అడిగాడు. ఉత్తరానికి, మా ఆయన వాళ్ళ ఊరికి అన్నాను. అక్కడ మీకు ఎవరున్నారని అడిగాడు. నా ఆడపడుచు అన్నాను. ఆ మాట నోటినుంచి వచ్చాక ఆశ్చర్యపోయాను.

గిస్లేన్ ఇంకో నోటుబుక్కు ఇచ్చింది. ఎడమవైపు ఇంకా సగం కూడా నిండలేదు అంటే, కుడివైపు నిండిందిగా అంది. చూడనన్న మనిషి.

డిసెంబరు 14, లా బే

వచ్చాం. మంచు మోకాళ్ళదాకా ఉంది. నదేజ్ అతన్ని వ్యాను ఎక్కిస్తూ, "అందగాడా, కొత్త నర్సుల్ని ఏడిపించకు," అంది. ఈ జోకు నాకు అర్థమైంది. గొప్ప జోకేమీ కాదు.

డిసెంబరు 22

రోజంతా జనం. ఎవరెవరో బంధువులు. అందరూ ఒకేసారి మాట్లాడతారు, సగం మాటలు మింగేస్తారు. గిస్లేన్ నేర్పిన ఫ్రెంచికీ దీనికీ సంబంధం లేదు. నేను అన్నది వాళ్ళకు అర్థమవుతోంది. వాళ్ళన్నది నాకు కావడం లేదు. నవ్వుతున్నాను. దవడలు నొప్పి.

ఫెర్నాన్ చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. వాళ్ళను నవ్విస్తున్నాడు. చెయ్యి కూడా బాగా లేస్తోంది. నా భర్త కథలు చెబుతాడట. ఊళ్ళో పేరు.

ఎందుకొచ్చాను?

డిసెంబరు 27

ఫెర్నాన్ మంచిగానే ఉంటాడు నాతో. దుప్పటి కప్పితే థాంక్స్ అంటాడు. ఉప్పు అందిస్తే థాంక్స్ అంటాడు. బస్సులో పక్కన కూర్చున్న మనిషితో ఉన్నంత మంచిగా.

జనవరి 5

ఫిబ్రవరికి వెళ్ళడం కుదరదేమో. రోడ్లు బావుండవంటున్నారు.

జనవరి 15, ఆదివారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

మధ్యాహ్నం మామయ్య కొడుకు జెర్వే వచ్చాడు. రొలాంద్ కాఫీ పోస్తూ నా వైపు తిరిగి, "డొరీన్, నీకు?" అంది. నేను నోరు తెరిచేలోగా ఫెర్నాన్, "ఆమెకు వద్దు. మధ్యాహ్నం తాగితే పడదు," అన్నాడు.

అంతే. చిన్న మాట. నాకు పడని మాట నిజమే కూడా.

"కావాలి," అన్నాను.

"నీకు పడదు కదా."

"నాకు కావాలి. నన్ను అడిగింది. నిన్ను కాదు."

జెర్వే కప్పు కిందపెట్టాడు. నేను లేచి నిలబడ్డాను. ఎక్కడినుంచి వచ్చాయో, వరస లేకుండా వచ్చాయి మాటలు. మీ అమ్మ పోయింది. వాళ్ళు మంచం వేశారు. నువ్వు చెప్పావు రావద్దని. నువ్వు చెప్పావు రానందని. నాకొక అబద్ధం, వీళ్ళకొక అబద్ధం. మీ అమ్మ పెట్టె పక్కన. భూతకాలం, వర్తమానం, ఆడా మగా అన్నీ కలిసిపోయాయి. మా అత్తగారిని మగవాడిని కూడా చేశానేమో.

ఫెర్నాన్ మొహం ఎర్రబడింది. థాంక్స్ అనే మనిషి కాదు ఇప్పుడు. ఎడమచేత్తో బల్లమీద కొట్టాడు. చర్చిలో సామాన్ల పేర్లన్నీ వరసగా వచ్చాయి, ఈ ఊళ్ళో తిట్లు అవే.

"మూడు రోజులు," అన్నాడు. "మా అమ్మ దగ్గర మూడు రోజులు నేను నేనుగా ఉండాలనుకున్నాను. నువ్వు వస్తే నీ పక్కన కూర్చుని వాళ్ళన్నదల్లా నీకు చెప్పాలి. నువ్వన్నదల్లా వాళ్ళకు చెప్పాలి. నేనెప్పుడు ఏడవను?"

రొలాంద్ చేతిలో కాఫీ పాత్ర అలాగే ఉంది.

"చెప్పొచ్చుగా," అన్నాను. "నాకు. ఆ మాట."

"చెప్తే ఏం చేసేదానివి?"

"నేర్చుకునేదాన్ని."

అతను నవ్వాడు. మంచి నవ్వు కాదు. "ఒకసారి అడిగాను," అన్నాడు. "నేర్చుకో, డొరీన్, నేను నేర్పుతాను అన్నాను. నువ్వు నవ్వావు."

"ఎప్పుడు?"

చెప్పడు అనుకున్నాను. జెర్వే కోటు సగం తొడుక్కుని, ఆ మాట వినడానికి కాబోలు, ఒక చెయ్యి బయటే ఉంచి నిలబడ్డాడు.

ఫెర్నాన్ చెప్పడం మొదలుపెట్టాడు. ఏదో బస్సు. వాన. పెళ్ళైన కొత్త. నేను ఎర్రకోటు వేసుకున్నానట. నాకు ఎర్రకోటు ఎప్పుడూ లేదు. అతను ఎరుపు అన్నాడో, నాకు తెలియని ఇంకేదన్నా అన్నాడో. బస్సులో ఎవరో అతన్ని ఏదో అన్నారు, భాష గురించి. నేను అక్కడే ఉన్నాను. నాకు అర్థం కాలేదు. అతను దిగాక నన్ను అడిగాడు. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో అతనికి ఇప్పటికీ తెలియదట. నాకూ తెలియదు. ఆ బస్సూ, ఆ వానా ఏవీ గుర్తు లేవు. అతను మాత్రం నలభై ఏళ్ళు ఆ బస్సులోనే ఉన్నాడు.

మధ్యలో ఎక్కడో తప్పిపోయాను. అతను వేగంగా వెళ్ళిపోతున్నాడు. బస్సులో మనిషి ఏమన్నాడన్నది పూర్తిగా పోయింది. నా మొహం చూసి రొలాంద్ వంగి, "అంటే, డొరీన్..." అని మొదలుపెట్టింది.

"వద్దు," అన్నాను. "అతన్నే చెప్పనీ."

కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను. "అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు," అన్నాను.

ఫెర్నాన్ విసుగ్గా చూశాడు. ఊపిరి పీల్చుకున్నాడు. తరువాత, ఒక్కో మాటా విడివిడిగా, బస్సు ఎక్కిన చోటునుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.